పుదికితియా ‘ఆమె’నా, ‘అది’నా?

సందేహం: రోమన్ సామ్రాజ్ఞుల కంచు నాణేల మీద వ్యాసం రాస్తున్నాను. ఒకవైపు సామ్రాజ్ఞి ముఖం, వెనకవైపు శీలం, సామరస్యం లాంటి గుణాలు ఆడమనిషి రూపంలో ఉంటాయి. వీటిని ‘ఆమె’ అనాలా, ‘అది’ అనాలా?

సమాధానం: ఏకవచన క్రియతో మీకు పేచీ లేదు. ‘సామ్రాజ్ఞి లూసిల్లా నాణెం మీద పుదికితియా (శీలం) మేలిముసుగు సర్దుకుంటోంది’ అంటే ఆ ‘సర్దుకుంటోంది’ మనిషికీ సరిపోతుంది, గుణానికీ సరిపోతుంది. చిక్కల్లా సర్వనామంలోనూ బహువచనంలోనే. కొంకోర్దియా (సామరస్యం), పియెతాస్ (భక్తి) నాణేల మీద ‘కనిపిస్తారు’ అంటే దేవతలు, ‘కనిపిస్తాయి’ అంటే వట్టి గుణాలు.

లాటిన్ వాళ్లకు ఈ టెన్షన్ లేదు, ఆ పేర్లన్నీ వాళ్ల వ్యాకరణంలోనే స్త్రీలింగాలు. సంస్కృతంలో కీర్తి, శాంతి, లజ్జ కూడా అంతే, కానీ తెలుగులోకి వచ్చేసరికి అవి ‘అది’ అయిపోయాయి. ‘దేశంలో శాంతి ఉంది, అది నిలవాలి’ అంటాం గానీ ‘ఆమె నిలవాలి’ అనం కదా! అందుకే మన కవులు గుణాన్ని మనిషిని చేయాల్సి వచ్చినప్పుడల్లా కీర్తికాంత, విజయలక్ష్మి అని ఒక తోక తగిలించారు.

కాబట్టి గుణం గురించి చెప్పేటప్పుడు ‘అది’, నాణెం మీది మూర్తి గురించి చెప్పేటప్పుడు ‘ఆమె’ అనండి. కొంకోర్దియాకు రోమ్ నగరం నడిబొడ్డున ఉన్న ఫోరమ్‌లో గుడే ఉండేది, కనుక ‘దేవత’ అన్నా తప్పులేదు. చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ భార్య, రెండో ఫౌస్టీనా నాణేలు చూడండి. వెనక ఒక స్త్రీ పిల్లల్ని ఎత్తుకుని, పక్కన ఇంకొందరిని నిలబెట్టుకుని ఉంటుంది, చుట్టూ ‘అగస్టా (సామ్రాజ్ఞి బిరుదు) సంతానసమృద్ధి’ అనే అర్థంలో అక్షరాలు. అది ఫెకుందితాస్ అనే గుణమా, చాలామంది పిల్లల్ని కన్న ఫౌస్టీనాయేనా? ఆ తికమక కావాలనే పెట్టారని నా అనుమానం. ఇక్కడ ‘ఆమె’ అని రాస్తే ఇద్దరికీ చెల్లుతుంది, ‘అది’ అంటే ఫౌస్టీనాను తోసేసినట్టే.

మీరు అడగలేదు గానీ, ‘కంచు’ దగ్గర కాస్త ఆగండి. కంచు రాగి, తగరం కలిపింది; ఇత్తడి రాగి, జింకు కలిపింది. తొలి చక్రవర్తి అగస్టస్ కాలం నుంచి పెద్ద నాణెం సెస్టర్షియస్‌ను ఇత్తడితో, దానిలో నాలుగో వంతు విలువుండే ‘ఆస్’ను రాగితో కొట్టేవారు, పోనుపోను ఆ ఇత్తడిలో తగరం, సీసం పెరిగాయి. నాణేలు సేకరించేవాళ్లు అన్నిటినీ కలిపి కంచు అనేస్తారు. మీరు మాత్రం ‘రాగి, ఇత్తడి నాణేలు’ అని రాయండి.