స్టెమ్ సెల్ ఇంజెక్షన్ సంగతి తర్వాత, ముందు ఆ కాలు చూపించుకోండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, బీపీ ఉంది. నాలుగేళ్లుగా నడుంనొప్పి. ఎంఆర్ఐలో ఎల్4-ఎల్5 డిస్క్ అరిగిందన్నారు. మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి బిళ్లలు పూటకొకటి వేసుకుంటే గానీ పని చేసుకోలేను. రెండు వారాలుగా ఎడమ కాలి చెప్పు జారిపోతోంది, బొటనవేలు మొద్దుబారింది. డిస్క్‌లోకి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే తగ్గుతుందని ఒక సెంటర్ వాళ్లు రెండున్నర లక్షలు అడుగుతున్నారు. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది ఇంజెక్షన్ గురించే గానీ, నాకు భయం వేసింది చెప్పు జారడం చూసి. పాదాన్ని పైకెత్తే కండరం బలహీనపడితే అలా జారుతుంది, మీ డిస్క్ దగ్గర కాల్లోకి దిగే ఎల్5 నరం నొక్కుకుందేమోనని అనుమానించాలి. షుగర్ వల్ల కావచ్చు, మోకాలి పక్కన నరం దెబ్బతిని కావచ్చు, చూడకుండా తేల్చలేను. మడమల మీద నాలుగడుగులు వేసి చూడండి, ఎడమ పాదం లేవకపోతే రేపే స్పైన్ సర్జన్‌నో న్యూరోసర్జన్‌నో కలవండి. లేచినా ఈ వారం దాటించొద్దు, రెండు వారాలు ఎలా ఊరుకున్నారండీ! మూత్రం ఆగిపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

ఇక ఆ బిళ్లలు. పేరైనా రాయలేదు. మా ఓపీలో రోజూ ఇదే, "తెల్ల బిళ్ల, పసుపు బిళ్ల సార్" అంటారు. డైక్లోఫెనాక్ లాంటివైతే బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మందులతో కలిస్తే కిడ్నీల మీద పడతాయి, కడుపులో పుండ్లు సరేసరి. విడిగా పొట్లం కట్టిచ్చేవాటిలో ఒక్కోసారి స్టెరాయిడ్ కూడా ఉంటుంది, నెలల తరబడి వాడాక దాన్ని ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. అందుకే మీ అంతట మీరు ఇలాగే ఎల్లకాలం కొనసాగించొద్దు, స్టెరాయిడ్ కాదని తేలేదాకా హఠాత్తుగా మానొద్దు, స్ట్రిప్పో పొట్లమో ఉన్నది ఉన్నట్టు పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి.

స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఉత్త మోసం అనను, నిజంగానే పరీక్షిస్తున్నారు. మీసోబ్లాస్ట్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 404 మంది మీద మూడో దశ ట్రయల్ (అనుమతికి ముందు ఎక్కువమంది రోగుల మీద చేసే పరీక్ష) చేసింది. దాతల ఎముక మజ్జ నుంచి తీసిన 60 లక్షల కణాలను డిస్క్‌లోకి ఒక్కసారి ఎక్కించారు, కొందరికి మాత్రం ఉత్త సెలైన్. 2021లో ఫలితాలొచ్చాయి: కొందరికి నొప్పి తగ్గింది గానీ, ట్రయల్ ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అందుకే మళ్లీ 300 మందితో ఇంకో ట్రయల్ పెట్టారు. కోట్లు పెట్టినవాళ్లే ఇంకా తేల్చుకోలేదు, మీ సెంటర్ వాళ్లకు అప్పుడే తేలిపోయిందా? పైగా ఇలాంటి ట్రయల్స్ డిస్క్ నొప్పి కోసం, మీలా కాల్లో నరం లక్షణాలున్నవాళ్లను సాధారణంగా తీసుకోరు.

అసలు ట్రయల్ అంటూ ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి, హాని జరిగితే వైద్యం వాళ్లే చేయించాలి. ఆ నంబరు అడగండి. నంబరు చెప్పకుండా ఆఫర్ ఈ నెలాఖరు వరకే అంటే లేచి వచ్చేయండి.

అరిగిన డిస్క్ అన్న మాటకు మరీ టెన్షన్ పడకండి, నొప్పే లేని నలభై దాటినవాళ్లకు ఎంఆర్ఐ తీసినా సగానికి పైగా మందిలో అది కనిపిస్తుంది. కాలు సంగతి తేలాక ఫిజియోథెరపీ గురించి అక్కడే మాట్లాడండి. వెళ్లేటప్పుడు ఎంఆర్ఐ రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి.