గుడ్ల డబ్బాలో పురుగులు కనిపించినప్పుడు

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. గెకో (ఒక రకం బల్లి) గుడ్ల మీద తెల్లటి చుక్కలు పాకుతున్నాయని కంగారుపడి, గుడ్లన్నీ తీసి కడిగేస్తానని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. పురుగుల వల్ల పోయిన గుడ్ల కంటే, పురుగుల్ని చూసి బెదిరిపోయిన మనుషుల వల్ల పోయిన గుడ్లే నేను ఎక్కువగా చూశాను.

ముందు అవేమిటో తేల్చుకో. భూతద్దం పట్టుకుని, వాటి మీద మెల్లగా ఊదు. టపుక్కున ఎగిరి పక్కన పడితే అవి స్ప్రింగ్‌టెయిల్స్. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవు, తెలుపో బూడిదరంగో ఉంటాయి. పొట్ట కింద మడిచి పెట్టుకున్న చిన్న కొక్కెం లాంటి భాగాన్ని ఒక్కసారిగా వదిలి ఎగురుతాయి. ఆరు కాళ్ళున్నా శాస్త్రజ్ఞులు వీటిని ఇప్పుడు కీటకాల్లో కలపడం లేదులే, మన పనికి ఆ గొడవ అక్కర్లేదు. అవి తినేది బూజు, కుళ్ళిన చెత్త. మంచి గుడ్డు పెంకును తొలిచి లోపలికి పోలేవు. ఉంటే ఉండనీ. తేమ లేకపోతే బతకలేవు కాబట్టి, అవి మరీ పెరిగాయంటే డబ్బాలో తడి ఎక్కువైందేమో చూసుకో.

ఎగరకుండా, కదులుతున్న దుమ్ములా నెమ్మదిగా పాకేవి బూజు తినే నల్లులు (మైట్స్, మంచాల్లో ఉండే నల్లులు కావు). వాటితోనూ గుడ్డుకు పెద్ద ముప్పు లేదు. నల్లగా, గుండ్రంగా ఉండేవైతే పాముల ఒంటి మీద నెత్తురు తాగే నల్లులు కావచ్చు. అవి కూడా గుడ్డును ఏమీ చెయ్యవు, కానీ పిల్లలు బయటికి రాగానే పట్టుకుంటాయి. పాములు కూడా పెంచుతుంటే వాటి గూళ్ళు చూడు, మందు అక్కడ వాడు. గుడ్ల డబ్బా దరిదాపులకు పురుగుమందు రానీయకు. పెంకు గుండా గుడ్డు గాలి పీలుస్తుంది, గాలిలో ఉన్నది ఏదైనా లోపలికి పోతుంది.

నన్ను నిజంగా భయపెట్టేది ఫోరిడ్ ఈగ. రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది, వీపు గూనిగా ఉంటుంది. తరిమితే ఎగరడానికి బదులు గోడ మీద గబగబా ఆగి ఆగి పరుగెత్తుతుంది. ఆ నడక చూస్తే చాలు, ఇంక భూతద్దం అక్కర్లేదు. కుళ్ళు వాసన పట్టుకుని వచ్చి గుడ్లు పెడుతుంది. వాటి తెల్లటి పురుగులు చచ్చిన గుడ్డులో దూరి తింటాయి. పిల్ల పెంకు చీల్చుకునే సమయానికి పక్కనే ఉంటే ఆ చీలిక గుండా బతికున్న పిల్ల దాకా కూడా పోతాయి. వెచ్చదనంలో రెండు మూడు వారాలకే కొత్త తరం ఈగలు తయారవుతాయి.

ఏ పురుగు వచ్చినా, వచ్చిన కారణం చాలావరకు ఒకటే: ఎక్కడో ఒక గుడ్డు పాడైంది. చీకట్లో చిన్న టార్చ్ పెట్టి చూడు. ఎర్రటి సన్నటి నరాలు కనిపిస్తే బతికున్నట్టే. నరాలు లేకుండా పసుప్పచ్చగా, మెత్తబడి, చెమటపట్టి, కంపు కొడుతుంటే తీసెయ్. సొట్ట పడినంత మాత్రాన పారెయ్యకు. తేమ తగ్గినా సొట్ట పడుతుంది, పిల్ల బయటికొచ్చే రోజు దగ్గరపడినా పడుతుంది. అనుమానంగా ఉన్నదాన్ని వేరే డబ్బాలో పెట్టి కనిపెట్టుకుని ఉండు. పాము గుడ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిలో పాడైనదాన్ని బలవంతంగా పీకావంటే పక్క గుడ్డు పెంకు చిరుగుతుంది. దాన్ని అలాగే వదిలి, బూజును పొడి కుంచెతో తుడవడం మేలు.

ఈగ పురుగులు దొరికితే మాత్రం డబ్బా మార్చాల్సిందే. కొత్త వర్మిక్యులైట్‌ను (గుడ్ల కింద పరిచే, తేమను పట్టి ఉంచే ఖనిజపు పలుకులు) దాని బరువుకు సమానమైన నీళ్ళతో కలుపు. పిడికిట్లో పిండితే ముద్దవ్వాలి, చుక్క కారకూడదు. మట్టి, నాచు వాడకు, పురుగులకు అవే తిండి. కొత్త డబ్బాను కొన్ని గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచి, రెండూ ఒకే వేడికి వచ్చాకే గుడ్లు మార్చు. ప్రతి గుడ్డు పైభాగాన ముందే పెన్సిల్‌తో గీత పెట్టు. చెంచాతో ఎత్తి, గీత పైకే ఉండేలా దించు. పిండం పెంకు లోపలి పొరకు అంటుకున్నాక గుడ్డు తిరగబడితే చచ్చిపోవచ్చు.

పురుగులు పోతాయని వేడి తగ్గించకు. నీవి లెపర్డ్ గెకో గుడ్లు, వాటిలో ఆడో మగో తేల్చేది వేడే. 26 డిగ్రీల దగ్గర ఎక్కువగా ఆడపిల్లలు, 32.5 దగ్గర మగవి ఎక్కువ, 34 దాటితే మళ్ళీ ఆడవే ఎక్కువ. వేడి బాగా పడిపోతే పిండం ఎదుగుదలే ఆగిపోతుంది.

గాలి రంధ్రాల మీద సన్నటి గుడ్డ బిగించు, మామూలు దోమతెర కళ్ళలోంచి ఈగ దూరిపోతుంది. గిన్నెలో వెనిగర్ పోసి, సబ్బు నీటి చుక్క వేసి ఇంక్యుబేటర్ బయట పెట్టు. చీమలు వస్తుంటే ఇంక్యుబేటర్‌ను నీళ్ళ పళ్ళెంలో దిమ్మ మీద ఎత్తి పెట్టు. మొదటి పిల్ల పెంకు చీల్చగానే రోజుకు రెండుసార్లు చూస్తూ, బయటికి వచ్చేసిన వాటి ఖాళీ పెంకుల్ని వెంటవెంటనే తీసేస్తూ ఉండు. ఈగలకు ఆ తడి పెంకులంటే మహా ఇష్టం.

ఊది చూశాక ఎగిరాయో లేదో రాయి.

మామయ్య