బయటి దేశం తెచ్చిపెట్టిన ప్రజాస్వామ్యం ఎందుకు నిలదొక్కుకోదు?

బయటి దేశం ఎన్నికలు జరిపించగలదు గానీ, ఓడినవాడు గద్దె దిగే అలవాటును తెచ్చిపెట్టలేదు. అందుకే ప్రజాస్వామ్యాన్ని విదేశాల్లో నెలకొల్పాలనే విదేశాంగ విధానం తరచుగా బోల్తా పడుతుంది. ఆ అలవాటు కుదరాలంటే జనం నమ్మే న్యాయస్థానాలు, ఏ వర్గానికీ కొమ్ముకాయని పోలీసులు కావాలి. పైగా ప్రోత్సహించే దేశానికి చమురు, సైనిక స్థావరాల లెక్కలు వేరే ఉంటాయి. స్థానికులకు అది తెలియనిదేమీ కాదు.

ఇరాక్‌నే తీసుకోండి. 2003లో సద్దాం హుస్సేన్‌ను కూలదోశాక, ఆ మే నెలలోనే అమెరికా అధికారులు ఇరాకీ సైన్యాన్ని రద్దు చేశారు. ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మంది ఒక్క ఉత్తర్వుతో వీధిన పడ్డారు. 2005 జనవరిలో ఓటర్లు ఊదా సిరా అంటిన వేళ్లు చూపిస్తుంటే ప్రపంచం మురిసిపోయింది. సున్నీలలో అత్యధికులు మాత్రం ఆ ఎన్నికలకు దూరంగా ఉన్నారు. మరుసటి ఏడాదికి షియా, సున్నీ వర్గాల మధ్య నెత్తురు పారింది.

“జర్మనీ, జపాన్‌లలో సాధ్యమైంది కదా” అనేది చాలామంది చేసే పొరపాటు. ఆ రెండు దేశాలకూ రెండో ప్రపంచ యుద్ధానికి ముందే పార్లమెంటు, పార్టీలు, పటిష్ఠమైన పాలనా యంత్రాంగం అనుభవంలో ఉన్నాయి. 1945 తర్వాత అక్కడ పునాది తవ్వే పని పడలేదు.