ఆటస్థలంలో గరికకు ఊపిరాడటం లేదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. వరి, కొంత వేరుశనగ పండిస్తాను. హైస్కూలు పక్కనున్న మా 2 ఎకరాల ఇసుక నేలను ఊరి పిల్లలకు క్రికెట్ గ్రౌండుగా వదిలేశాం. రెండేళ్ల కిందట నర్సరీ నుంచి సన్న గరిక పిలకలు తెచ్చి నాటాం. మొదటి ఏడాది చక్కగా అల్లుకుంది. నేలకు బలం చాలదేమోనని పోయిన వేసవిలో 20 ట్రాలీల చెరువు మట్టి తోలి పరిచాం. నవంబరు వానలకు అక్కడక్కడ నీళ్లు నిలిచాయి. ఇప్పుడు చూస్తే పసుపు మచ్చలు, మధ్యమధ్య బోడి నేల, తుంగ. వారానికి మూడుసార్లు రోలరు తిప్పుతున్నాం. రోజూ సాయంత్రం అరగంట స్ప్రింక్లర్లు పెడుతున్నాం. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. నెలన్నరలో 3 బస్తాల యూరియా చల్లినా రంగు తిరగలేదు. ఏ మందు కొట్టాలి సార్? అంతా పీకేసి కొత్త గడ్డి నాటాలా? మే నెలలో పోటీలు పెట్టాలని పిల్లలు రోజూ అడుగుతున్నారు.

జవాబు: పీకేయొద్దు. మందు కూడా ఇప్పుడే వద్దు. ముందుగా ఒక పని చేయండి. పచ్చగా ఉన్నచోట ఒకటి, పసుపు మచ్చలో ఒకటి, పారతో జానెడు లోతున రెండు ముక్కలు నిలువుగా కోసి తీసి పక్కపక్కన పెట్టండి. పసుపు మచ్చ నుంచి తీసిన ముక్కలో పైన నల్లటి మట్టి పొర, కింద ఇసుక విడివిడిగా కనిపిస్తాయి. వేళ్లు ఆ పొర దగ్గరికి వచ్చి పక్కకు తిరిగి ఉంటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లు వాసన రావచ్చు. మీరు రాసిన వివరాలను బట్టి నాకు తోచింది ఇదే: మీ గరికకు తిండి తక్కువ కాలేదు, వేళ్లకు గాలి అందడం లేదు.

వేరుశనగ చేలో ఎన్నిసార్లు దున్నినా ఒక్క కణుపు మిగిలితే చాలు, గరిక మళ్లీ లేస్తుంది. ఇది రైతుగా మీకు నాకన్నా బాగా తెలుసు. అంత మొండి గడ్డి ఆటస్థలంలో చచ్చిపోతోందంటే తప్పు గడ్డిది కాదు. కింద నేలలో ఏదో జరిగిందని అర్థం.

జరిగింది ఏమిటంటే, 20 ట్రాలీల మట్టిని 2 ఎకరాలకు సమంగా పరిస్తే ముప్పావు సెంటీమీటరు కూడా రాదు. అయితే చేత్తో పరిచినప్పుడు సమంగా పడదు. కొన్నిచోట్ల రెండు సెంటీమీటర్లు పడి ఉంటుంది, కొన్నిచోట్ల ఏమీ పడి ఉండదు. మచ్చలు అక్కడక్కడే రావడానికి కారణం అదే అయి ఉంటుంది. చెరువు మట్టి వరికి మంచిది, ఎర్ర చెలకకు మంచిది, ఎందుకంటే అక్కడ మీరు దాన్ని దున్ని కలుపుతారు. గడ్డి మీద పరిచిన మట్టి కలవదు, పొరలాగే ఉండిపోతుంది. సన్న మట్టి పొర పూర్తిగా నిండి పొంగేదాకా నీటిని కింది ముతక ఇసుకలోకి వదలదు. పైన బురద, కింద పొడి ఇసుక! దానిమీద వారానికి మూడుసార్లు రోలరు తిప్పితే ఆ పొర గచ్చులా బిగుసుకుంటుంది.

ఇదే సూత్రాన్ని గోల్ఫ్ మైదానాల్లో తెలిసి వాడుకుంటారు. బంతి చివరగా దొర్లే సన్నగడ్డి స్థలాన్ని గ్రీన్ అంటారు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రచురించిన పద్ధతిలో, గ్రీన్ కింద 10 సెంటీమీటర్ల కంకర పొర, దానిమీద 30 సెంటీమీటర్ల ఇసుక ప్రధానమైన మిశ్రమం ఉంటాయి. ఆ 30 సెంటీమీటర్లలో కొంత తడి ఆగుతుంది, ఎక్కువైన నీరు కంకరలోంచి గొట్టాల్లోకి దిగిపోతుంది. పైన ఇసుక ఉంది కాబట్టి ఆటగాళ్లు ఎంత తొక్కినా గాలి సందులు మూసుకుపోవు. అసలు గోల్ఫ్ పెరిగింది స్కాట్లాండు సముద్ర తీరపు ఇసుక మేటల మీద, గొర్రెలు మేసే పచ్చిక మీద. మన కోస్తాలో ఇసుకా ఉంది, నెల్లూరు గొర్రే ఉంది. పైరుకు చాలదని మనం చిన్నచూపు చూసే ఆ ఇసుక నేల ఆటకు పెట్టిపుట్టిన నేల. మీ గ్రౌండుకు బలం ఆ ఇసుకే. దాన్ని మట్టితో కప్పేశారు, ఇప్పుడు దాన్ని తిరిగి తెరవాలి.

తెరవడమంటే చిల్లులు వేయడం. టౌనులో వెల్డింగ్ షాపుకు వెళ్లి, అర అంగుళం రంధ్రం ఉన్న ఇనుప గొట్టాలు నాలుగు, నాలుగేసి అంగుళాల పొడవున కోయించి, కింది అంచు పదును పెట్టించి, ఒక అడ్డకమ్మీకి జానెడు లోపు ఎడంతో అతికించమనండి. కాలితో తొక్కడానికి వీలుగా కమ్మీ, పైన పిడి ఉంటే చాలు. తొక్కి పైకి లాగితే మట్టి కణికలు గొట్టంలోకి వస్తాయి, తర్వాత తొక్కినప్పుడు పైనుంచి బయట పడతాయి. గుచ్చడానికి మేకుల రోలరు ఉందంటారు కొందరు. అది మట్టిని బయటకు తీయదు, పక్కకు నొక్కుతుంది. మీ సమస్యకు బోలు గొట్టమే కావాలి.

రెండెకరాలూ చేత్తో చేయాలంటే అయ్యే పని కాదు. మచ్చలన్నీ కలిపి 20 సెంట్లు ఉంటాయనుకుందాం. 15 సెంటీమీటర్లకు ఒక చిల్లు చొప్పున 36 వేల చిల్లులు, నాలుగు గొట్టాలతో 9 వేల తొక్కులు. నలుగురు మనుషులకు రెండు మూడు రోజుల పని. ఇలాంటి గొట్టాల పనిముట్లు నాలుగు చేయించి ఆడే పిల్లలనే దింపితే ఇంకా త్వరగా అయిపోతుంది. నీళ్లు పెట్టిన రెండో రోజు, నేల పదునుగా ఉన్నప్పుడు చేయండి. ఎండాక గొట్టం దిగదు, బురదలో చేస్తే చిల్లు గోడలు మెత్తుకుపోతాయి. ఫిబ్రవరి చివర, మార్చి మంచి సమయం. ఎండ పెరిగేకొద్దీ గరిక ఊపుగా సాగుతుంది, గాయాలు తొందరగా మానతాయి.

బయటపడ్డ నల్లమట్టి కణికలను ఊడ్చి ఎత్తి గట్టు మీద పోయండి, అక్కడే వదలొద్దు. ఆ చిల్లులను ఇసుకతో నింపాలి. 3 మిల్లీమీటర్ల మందాన పరిస్తే 20 సెంట్లకు సుమారు ఒక ట్రాలీ పడుతుంది. వెదురు చీపురుతో అటూ ఇటూ ఊడిస్తే ఇసుక చిల్లుల్లోకి దిగుతుంది. గడ్డి చివర్లు పైకి కనబడుతూ ఉండాలి, పూడిపోకూడదు. మట్టి పొర రెండు సెంటీమీటర్లు దాటిన చోట చిల్లులతో పని జరగదు. అక్కడ పారతో పొరను చెక్కేసి, ఇసుక పోసి, పచ్చగా ఉన్నచోటు నుంచి అరచేయంత గడ్డి ముక్కలు తెచ్చి అడుగుకొకటి అతికించండి. ఎండలో రెండు నెలల్లో కలిసిపోతాయి.

ఇసుక విషయంలో మాత్రం రాజీ పడొద్దు. మీ ఊరు తీరానికి దగ్గర కాబట్టి సముద్రపు ఇసుక తోలుకుందామనిపిస్తుంది. దాంట్లో ఉప్పు ఉంటుంది, దిబ్బల ఇసుక మరీ సన్నం. పెన్న ఇసుకలో మధ్యరకం, ఒండు లేనిది తీసుకోండి. గాజు సీసాలో సగం ఇసుక, సగం నీళ్లు పోసి బాగా కలిపి అరగంట ఆగండి. పై నీళ్లు ఇంకా బురదగా ఉన్నా, ఇసుక మీద వేలెడు మట్టి పేరుకున్నా ఆ ట్రాలీ వెనక్కి పంపేయండి.

రోలరు గురించి. క్రికెట్ గ్రౌండులో రెండు రకాల నేల ఉంటుంది, రెండింటికీ పొంతన లేదు. 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పున్న పిచ్‌కు జిగట నల్లమట్టి కావాలి, రోలరు కావాలి, బిగుసుకోవాలి. మిగతా మైదానానికి ఇవేవీ పనికిరావు. పిచ్ కోసం పనికొచ్చే పద్ధతిని మైదానమంతా చేయడం చాలా ఊళ్లలో చూశాను. రోలరును పిచ్ దాటనివ్వకండి. ఎత్తుపల్లాలు ఉంటే ఇసుకతో సరిచేయండి.

నీళ్లు. రోజూ అరగంట పెడితే పై అంగుళమే తడుస్తుంది, వేళ్లు కూడా పైనే ఉండిపోతాయి. పైగా సాయంత్రం పెడితే రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగుళ్లకు దారి ఇస్తుంది. వేసవిలో గరిక రోజుకు సుమారు 4 మిల్లీమీటర్ల నీరు వాడుకుంటుంది, అంటే ఎకరాకు 16 వేల లీటర్లు. మూడు రోజులది కలిపి, 50 వేల లీటర్ల వరకు, ఒకేసారి తెల్లవారుజామున పెట్టండి. తర్వాత ఒక ఇనుప ఊచ గుచ్చి చూడండి. 15 సెంటీమీటర్లు సులువుగా దిగితే సరిపోయింది. కొత్తగా అతికించిన ముక్కలకు మాత్రం పట్టేదాకా రోజూ పలుచగా తడి ఇవ్వాలి.

ఉప్పునీటి గురించి మీరు అడగకపోయినా నాకు కొంత టెన్షన్‌గానే ఉంది. బోరు అరగంట నడిచాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, భూసార పరీక్షా కేంద్రంలో గానీ పరీక్ష చేయించండి. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ అనే లెక్క (డెసీసీమెన్స్‌లో) 2 లోపు ఉంటే భయం లేదు. 2 నుంచి 4 మధ్య ఉంటే మీ ఇసుక నేలలో నడుస్తుంది, ఎందుకంటే గరిక ఉప్పును బాగా తట్టుకునే గడ్డి. అప్పుడు నెలకొకసారి మామూలుకన్నా ఎక్కువ నీళ్లు పెట్టి ఉప్పును వేళ్ల కిందికి కడిగేయాలి. అలా కడగాలన్నా నీరు కిందికి దిగాలి కదా, అందుకే ముందు మట్టి పొరను తెరవమంటున్నాను. 4 దాటితే నాకు రాయండి, తీరపు నేలలకు తగిన పాస్పాలమ్ గడ్డి గురించి అప్పుడు మాట్లాడుకుందాం. మే నెలలో నీటిని మళ్లీ పరీక్ష చేయించండి, బోర్లు దిగేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. పరీక్షలో సోడియం ఎక్కువని తేలితేనే జిప్సం. ఎవరో చెప్పారని ముందుగా చల్లొద్దు.

యూరియా ఇక ఆపండి. నెలన్నరలో 3 బస్తాలంటే ఎకరాకు 31 కిలోల నత్రజని, సగం కూడా అక్కర్లేదు. చిల్లులు వేసిన పది రోజులకు, కొత్త ఆకు కనిపించాక, ఎకరాకు ఒక బస్తా అమ్మోనియం సల్ఫేట్ రెండు దఫాలుగా పదిహేను రోజుల ఎడంతో చల్లి వెంటనే నీళ్లు పెట్టండి. ఎదిగే నెలల్లో నెలకు అంతే చాలు. పొటాష్ కావాలంటే ఉప్పు నీటికి మ్యూరియేట్ కన్నా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మేలు. ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని గుర్తు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండుసార్లు పిచికారి చేయండి.

తుంగను పీకి పీకి అలిసిపోయి ఉంటారు. పైకి పీకితే కింది గడ్డలు మళ్లీ మొలుస్తాయి. గ్లైఫోసేట్ కొడితే గరికా పోతుంది, కాబట్టి దాని జోలికి వెళ్లొద్దు. తడి ఆరి నేల తెరుచుకున్నాక తుంగ జోరు కొంత తగ్గుతుంది. అప్పటికీ మిగిలిన చోట, మన దగ్గర చెరకు, మొక్కజొన్నల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు ఎకరాకు 36 గ్రాముల లెక్కన మచ్చల వరకే కొట్టొచ్చు. గరిక దాన్ని తట్టుకుంటుంది. అయినా ముందు ఒక సెంటు స్థలంలో కొట్టి పదిహేను రోజులు చూడండి. అది పిల్లలు చెప్పులు లేకుండా పరిగెత్తే చోటు. మందు కొట్టిన చోట మూడు రోజులు తాడు కట్టి ఎవరినీ రానివ్వొద్దు, ఆ గడ్డిని గొర్రెలకూ గేదెలకూ వేయొద్దు.

కోత గురించి మీరు రాయలేదు. బ్రష్ కట్టర్‌తో నెలకొకసారి నేల దాకా గొరుగుతున్నారేమో! అలా చేస్తే ఆకంతా పోయి కాడే మిగులుతుంది, గడ్డి ఉన్న శక్తిని చిగురుకే ఖర్చు పెడుతుంది. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. మీకు అంగుళం ఎత్తు సరిపోతుంది, ఒకటిన్నర అంగుళం దాటకముందే కోయండి. వేసవిలో వారానికొకసారి పడుతుంది. కోశాక ఆకు చివర్లు తెల్లగా చీలినట్టు కనబడితే బ్లేడు సాన పట్టించండి.

అక్టోబరు లోపల ఇంకొక పని మిగిలి ఉంది. మన వానలు ఈశాన్య రుతుపవనాలవి, ఒక తుఫాను పడితే రెండు రోజుల్లోనే నేల నిండిపోతుంది. పిచ్ దగ్గరి నుంచి అంచులకు వంద అడుగులకు అడుగు చొప్పున వాలు ఉండేలా చూసి, చుట్టూ చిన్న కాలువ తీసి ఊరి మురుగు కాలువలో కలపండి. స్కూలు వైపు చెట్ల నీడలో గరిక రాదు, అక్కడ నాటి డబ్బు పోగొట్టుకోవద్దు, ఆటగాళ్లు కూర్చునే చోటుగా ఉంచండి.

పోటీల సంగతి. చిల్లులు వేసినచోట ఆరు వారాలు ఆట ఆపితే మంచిది. అప్పటిదాకా పిల్లలు పచ్చగా ఉన్న వైపు ఆడుకోవచ్చు, బౌలర్లు పరిగెత్తే వైపు మాత్రం వారానికొకసారి మార్చుకోమనండి. ఏప్రిల్ ఇరవై ప్రాంతంలో అదే మచ్చలో మళ్లీ పారతో ఒక ముక్క కోసి తీయండి. తెల్లటి కొత్త వేళ్లు నల్ల పొరను దాటి నాలుగు వేళ్ల లోతు ఇసుకలోకి దిగి ఉంటే మే నెల పోటీలు పెట్టుకోండి. ఇంకా పైపైనే ఉంటే ఆ మచ్చలున్న వైపు బౌండరీని పది గజాలు లోపలికి జరిపి ఆడించండి, ఆ స్థలాన్ని మరో నెల వదిలేయండి. నీటి పరీక్ష కాగితం, ఆ వేళ్ల ఫొటో నాకు పంపండి.