కాలవ గట్టు మీద కుక్కతో జియోకేషింగ్: దొంగచాటుగా మాత్రం వెతక్కండి

సంక్రాంతికి టెక్కలి వస్తున్నాం, మా ల్యాబ్రడార్‌ని వెంటబెట్టుకుని వంశధార కాలవ గట్టు మీద జియోకేషింగ్ చేద్దామనుకుంటున్నాం, ఇబ్బందులేమైనా ఉంటాయా అని అడిగారు. జియోకేషింగ్ అంటే, ఎవరో దాచిన డబ్బాని ఫోనులో జీపీఎస్ చూపే గుర్తు పట్టుకుని వెతికే ఆట. నిక్షేపంగా చేయొచ్చు. గొట్టా బ్యారేజీ నుంచి టెక్కలి మీదుగా పలాస వైపు పోయే ఎడమ కాలవ గట్టు మీదే చలికాలమంతా నా పొద్దుటి నడక, మా బుల్లోడితో. వాడు ఉత్త ఊరకుక్క. ఫోను, జీపీఎస్సు సంగతి తర్వాత, ముందు మనుషుల సంగతి చెప్తా.

డబ్బా వెతికేటప్పుడు ఎవరి కంటా పడొద్దని ఈ ఆట ఆడేవాళ్ళు చెప్తుంటారు. మన దగ్గర అది కుదరదు. ధనుర్మాసంలో తెల్లారకముందే కళ్ళాల్లో జనం ఉంటారు. మంచులో మీకు వాళ్ళు కనపడరు గానీ వాళ్ళకి మీరు కనపడతారు. తూము పక్కన వంగి రాళ్ళు కదిపారా, గుప్తనిధుల వాళ్ళనుకుంటారు. పాత బౌద్ధ స్తూపాల శాలిహుండం, పాత గుళ్ళ శ్రీముఖలింగం ఉన్న జిల్లా, ఆ అనుమానం ఊరికే పోదు. అలాంటి రక్షిత స్థలాల్లో ఎలాగూ ఏదీ దాచకూడదు, తవ్వకూడదు. స్థలం వాళ్ళు ఒప్పుకోకుండా డబ్బా కోసం నేల తవ్వకూడదని ఆట నియమాల్లోనే ఉంది.

మా మేనల్లుడు ఒక చప్టా దగ్గర దాచిన డబ్బా కోసం నేను తడుముతుంటే, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక తాత గట్టెక్కి వచ్చాడు.

"ఏటి బావూ, ఏటెతుకుతన్నావు? ఏటైనా పడిపోనాదేటి?"

ఫోను చూపించి ఆట సంగతి చెప్పాను. దొరికితే ఏమిస్తారని అడిగాడు. ఏమీ ఇవ్వరు తాతా, లోపలున్న పుస్తకంలో పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టేయాలి అన్నాను. నాకేసి జాలిగా చూసి, "సదువుకున్నోలకి పనేటీ నేదు" అన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా, చేతికర్రతో ఓ రాయి చూపించి, మొన్నటిదాకా అది ఇటు తిరిగి లేదన్నాడు. కర్రతో పక్కకి నెడితే వెనకాల పచ్చడి డబ్బా, మూతకి నల్ల టేపు, లోపల చెమ్మెక్కిన చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ముక్క. నా ఫోను ఆ రాయికి నాలుగైదు మీటర్ల అవతలే తిరుగుతోంది.

అందుకే వెళ్ళగానే కళ్ళం దగ్గరున్నవాళ్ళనో, షట్టర్లు చూసే లస్కర్‌నో పలకరించండి. తర్వాత మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు, లేదా అందరూ కలిసి వెతుకుతారు. మ్యాపులో మనవైపు డబ్బాలు తక్కువ. మీరే ఒకటి పెడతానంటే స్థలం వాళ్ళని అడిగి పెట్టండి, ఇంకో డబ్బాకి కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. లోపల తినేవి పెట్టకండి. ఈ ఆట మొదలైన బకెట్టులో చిక్కుడు గింజల డబ్బా ఉండేదిట. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ చూపే చోటులో కావాలని కలిపిన తేడాని తీసేస్తే, మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఆ బకెట్టు దాచాడు. ఇక్కడ అలా పెడితే తెల్లారేసరికి నక్కలో ఊరకుక్కలో లాక్కుపోతాయి.

ఇక మీ ల్యాబ్రడార్. నీళ్ళు చూస్తే దూకుతుంది, అదే భయం. సిమెంటు వేసిన చోట కాలవ వాలు నాచు పట్టి గాజులా ఉంటుంది, దిగిన కుక్కకి గోళ్ళు పట్టవు, పైకి రాలేదు. మెడపట్టీ కాదు, ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు వేయండి, అవసరమైతే పట్టుకుని పైకి లాగొచ్చు. కోసిన వరిచేలు ఖాళీగా ఉన్నాయనుకుని వదలకండి, మినుము, పెసర మొలిచి ఉంటాయి. గట్ల మీద ఎలుకల మందు పెడతారు, నేల మీదిది ఏదీ నోట పెట్టనివ్వొద్దు. వరికుప్పల పక్కన రక్తపింజరి ఉండొచ్చు, కాబట్టి తూము బొక్కల్లో మీ చెయ్యీ వద్దు, దాని మూతీ వద్దు. కళ్ళం కాసే కుక్కలు మీదికొస్తే రాయి తీస్తున్నట్టు వంగితే చాలు, చాలామటుకు వెనక్కి తగ్గుతాయి. అయినా రేబిస్ టీకా వేయించకుండా బయల్దేరకండి. ఇంటికొచ్చాక వేళ్ళ సందుల్లో పల్లేరుకాయలు, చెవుల వెనక పిడుదులు చూడండి. నాకైతే నడక కన్నా ఈ పనికే ఎక్కువసేపు పడుతుంది.

పక్షులు విడిది చేసే తేలినీలాపురం ఎలాగూ వెళ్తారు, చలికాలం గూడబాతులు గూళ్ళు పెట్టి ఉంటాయి. అక్కడికి కుక్కని తీసుకెళ్ళకండి. ఉద్దానం జీడితోటల్లోకి అసలే వద్దు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. కుక్క మొరిగి రెచ్చగొట్టి, భయమేసి తిరిగి మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకాలే ఎలుగు. ఆ వైపు మ్యాపులో డబ్బా కనపడినా సరే, ఎండెక్కాక, ఆ ఊరివాళ్ళెవరినైనా తోడు తీసుకుని, కుక్కని ఇంట్లో కట్టేసి వెళ్ళండి.