ఓట్లు అడిగిన సైనికుడి కథ రాస్తున్న అమ్మాయికి

చిక్కడపల్లి,
హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రిటిష్ నాయకుడు ప్యాడీ ఆష్‌డౌన్ జీవితం మీద నువ్వు పంపిన రాతప్రతి మొత్తం చదివాను. చాలా కష్టపడ్డావమ్మా. వాక్యం శుభ్రంగా నడుస్తోంది. అయినా ఈ పుస్తకం ఇలాగే అచ్చుకు వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

నువ్వు ఆయన్ని మూడు ముక్కలు చేశావు. మొదటి భాగంలో సైనికుడు, రెండో భాగంలో రాజకీయ నాయకుడు, మూడో భాగంలో బోస్నియాలో శాంతి కోసం పనిచేసిన పెద్దమనిషి. ఒక్కో భాగం చివర ఒక విజయం, దాని వెంట కాస్త పొగడ్త. చదివితే ముగ్గురు మంచివాళ్లు కనిపిస్తున్నారు గానీ ఒక మనిషి కనిపించడం లేదు. ఆ జీవితాన్ని ఒక్కటిగా పట్టుకునే ప్రశ్న ఒకటుంది. ఈయన చేతికి అధికారం ఎవరిచ్చారు? తేడా వస్తే ఎవరికి జవాబు చెప్పుకోవాలి? సైన్యంలో అయితే పైఅధికారికి. పార్లమెంటులో అయితే ఓటు వేసినవాళ్లకి. మరి బోస్నియాలో ఎవరికి? నీ పుస్తకమంతా ఆ ప్రశ్న దగ్గరే ఉంది. నువ్వు మాత్రం దాన్ని రెండు పేరాల్లో దాటేశావు.

ముందు సైన్యం సంగతి. 1959 నుంచి 1972 దాకా ఆయన బ్రిటిష్ నౌకాదళానికి చెందిన రాయల్ మరీన్స్ దళంలో ఉన్నాడు. బోర్నియో అడవులు, రాత్రిపూట పడవల మీద వెళ్లే ప్రత్యేక దళం నీకు బాగా నచ్చినట్టున్నాయి. అందులో సగం తీసెయ్. సాహసం ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. ఆ మిగిలిన చోటు బెల్‌ఫాస్ట్‌కి ఇవ్వు. ఆయన పెరిగింది ఉత్తర ఐర్లండ్‌లోనే. తండ్రి పుట్టుకతో క్యాథలిక్, తల్లి ప్రొటెస్టెంట్. ఆ రెండు వర్గాల మధ్య గొడవలు ముదిరిన రోజుల్లో అదే నేల మీదికి బ్రిటిష్ యూనిఫాంలో డ్యూటీకి వెళ్లాడు. తను పెరిగిన చోట, తనవాళ్ల లాంటి మనుషుల మీద తుపాకీ పట్టుకుని కాపలా కాయడం ఎలా ఉంటుందో పాఠకుడికి తెలియాలి. ముప్పై ఏళ్ల తర్వాత బోస్నియాలో ఆయన ప్రవర్తన అర్థం కావాలంటే పునాది అక్కడ వేయాలి.

సైనికుల గురించి కాగితాలు చూసి మాత్రమే రాయకు. నువ్వున్నది హైదరాబాద్‌లో. సైనిక్‌పురి వెళ్లు, తిరుమలగిరి వైపు వెళ్లు. యూఎన్ మిషన్లకి వెళ్లొచ్చినవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. పతకాల గురించి అడిగితే అందరికీ చెప్పే మాటలే చెబుతారు. చెక్‌పోస్టు దగ్గర నిలబడినప్పుడు ఊరివాళ్లు ముఖం చూసి మాట్లాడేవాళ్లా, రేషన్‌లో ఏమొచ్చేది, ఇంటి నుంచి కబురు ఎన్నాళ్లకి అందేది, కాల్చకూడదని ఆర్డర్ ఉన్నప్పుడు ఎదురుగా తప్పు జరుగుతుంటే ఏం చేశారు, ఇవి అడుగు. చివరి ప్రశ్నకి కొంతమంది జవాబు చెప్పరు. వాళ్లని ఒత్తిడి చేయకు.

మన దేశానికి ఈ పనిలో ఉన్న చరిత్ర కూడా నీ రాతప్రతిలో ఎక్కడా కనిపించలేదు. 1992లో పాత యుగోస్లావియాకి (బోస్నియా అందులోదే) వెళ్లిన ఐక్యరాజ్యసమితి దళానికి మొదటి కమాండర్ మన లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్. అంతకుముందు కొరియా యుద్ధం ఆగినప్పుడు ఖైదీల సమస్య చూసిన తటస్థ దేశాల కమిషన్‌కి జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. తర్వాత సైప్రస్‌లో శాంతి దళానికి నాయకత్వం వహిస్తూ 1965లో అక్కడే చనిపోయాడు. యువ అధికారిగా ఆయన చేరింది హైదరాబాద్ రెజిమెంట్‌లో. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. ఇలాంటివి నాలుగు వాక్యాల్లో వచ్చినా చాలు, ఇదేదో తెల్లదొరల వ్యవహారం అని మన పాఠకుడు అనుకోడు.

రాజకీయాల భాగం తగ్గించు. పార్టీ లోపలి లెక్కలు, ఏ ఎన్నికలో ఎన్ని సీట్లు అన్నవి మనవాళ్లకి పట్టవు. ఒక్క విషయం మాత్రం పెంచు. సైన్యం తర్వాత చేరిన దౌత్య ఉద్యోగం కూడా వదిలేసి ఇంగ్లండ్‌లో యోవిల్ అనే నియోజకవర్గానికి వచ్చినవాడు 1979లో ఓడిపోయాడు, 1983లో గెలిచాడు. ఆ మధ్య కొంతకాలం ఉద్యోగం లేకుండా ఉన్నాడు. పెళ్లాం, పిల్లలు, చేతిలో జీతం లేదు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో ముగించావు. అశోక్‌నగర్ గదుల్లో నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే పిల్లలు నీ పుస్తకం తెరిస్తే, ఆగి చదివే పేజీ అదే. 1988 నుంచి 1999 వరకు లిబరల్ డెమొక్రాట్ల పార్టీ నాయకుడిగా ఉన్న కాలం కన్నా ఆ టెన్షన్ పడ్డ కాలమే మనిషిని ఎక్కువ చూపిస్తుంది.

ఇక బోస్నియా. అక్కడ సెర్బులు, క్రొయాట్లు, బోస్నియా ముస్లింలు అనే మూడు వర్గాల మధ్య యుద్ధం నడిచిన రోజులవి. 1992 ఆగస్టులో సెర్బులు నడిపిన నిర్బంధ శిబిరాలకి వెళ్లి చూసినవాడు ఆయన. ముట్టడిలో ఉన్న రాజధాని సరాయెవోకి మళ్లీ మళ్లీ వెళ్లాడు. తిరిగొచ్చి లండన్‌లో పార్లమెంటులో పట్టు వదలకుండా మాట్లాడాడు. 1995 జూలైలో స్రెబ్రెనిట్సా పట్టణంలో బోస్నియా సెర్బు సైన్యం 8 వేల మందికి పైగా ముస్లిం మగవాళ్లని, మగపిల్లల్ని చంపేసింది. ఆ ఏడాది చివర్లో డేటన్ ఒప్పందంతో యుద్ధం ఆగింది. ఒకే దేశం, లోపల రెండు ప్రాంతాలు, అధ్యక్ష పీఠం మీద మూడు వర్గాల నుంచి ముగ్గురు. వీళ్ల మీద హై రిప్రజెంటేటివ్ అని విదేశీయుడు ఒకడు. 1997లో బాన్ నగరంలో జరిగిన సమావేశం ఆ పదవికి చట్టాలు చేసే అధికారం, ఎన్నికైనవాళ్లని కూడా తొలగించే అధికారం ఇచ్చింది. 2002 మేలో ఆ కుర్చీలో ఆష్‌డౌన్ కూర్చున్నాడు.

శాంతి పని అంటే ఏమిటో చెప్పడానికి నువ్వు పెద్ద పెద్ద మాటలు వాడావు. కారు నంబర్ ప్లేటు గురించి రాయి. యుద్ధం తర్వాత బండి నంబర్ చూస్తే అది ఏ వర్గం ప్రాంతానిదో తెలిసిపోయేది. అవతలి వైపు వెళ్లాలంటే భయం. 1998లో, ఆష్‌డౌన్ రాకముందే, లాటిన్ లిపిలోనూ సిరిలిక్ లిపిలోనూ ఒకేలా ఉండే అక్షరాలతో దేశమంతటికీ ఒకే రకం ప్లేట్లు తెచ్చారు. దాంతో జనం ప్రయాణాలు చేయగలిగారు. ఏపీ, టీఎస్, టీజీ చూసినవాళ్లం మనం. మనకి వేరే వివరణ అక్కర్లేదు.

2004 జూన్ చివర్లో ఆయన ఒక్క రోజున దాదాపు 60 మంది బోస్నియా సెర్బు నాయకుల్ని, అధికారుల్ని పదవుల నుంచి తీసేశాడు. వాళ్లలో సెర్బు ప్రాంతపు పార్లమెంటు స్పీకరు ఉన్నాడు, హోం మంత్రి ఉన్నాడు. యుద్ధ నేరాల కేసులో పరారీలో ఉన్న, యుద్ధకాలపు బోస్నియా సెర్బు నాయకుడు రాదోవన్ కరాజిచ్‌ని పట్టించడంలో సహకరించలేదన్నది కారణం. నువ్వు దీన్ని ధైర్యం అన్నావు. కావచ్చు. స్రెబ్రెనిట్సా తల్లుల వైపు నుంచి చూస్తే అది ఆలస్యంగా వచ్చిన న్యాయం. కానీ గడప గడపకీ తిరిగి ఓట్లు అడిగిన మనిషే, ఎవరూ ఓటు వేయని కుర్చీలో కూర్చుని ఓట్లతో వచ్చినవాళ్లని సంతకంతో పంపించేశాడు. తీసేసినవాళ్లకి వెళ్లి మొరపెట్టుకునే కోర్టు లేదు. ఈ రెండూ నిజమే. రెండూ ఒకే పేజీలో ఉండాలి. ఏది ఎక్కువ నిజమో తేల్చే తొందర నీకు వద్దు.

అంతకు ముందు ఏడాదే గెరాల్డ్ క్నౌస్, ఫెలిక్స్ మార్టిన్ అనే ఇద్దరు ఈ పాలనని యూరోపియన్ రాజ్ అని విమర్శించారు. మన దేశంలో ఆంగ్లేయులు చేసిన పాలనతో పోల్చారు. ఆష్‌డౌన్ పుట్టింది 1941లో ఢిల్లీలో. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. ఇంత దగ్గరి సంబంధం చేతిలో పెట్టుకుని, పుట్టిన ఊరిని మొదటి పేజీలో చెప్పి వదిలేస్తే ఎలా? ఆ విమర్శ వచ్చే అధ్యాయంలో దాన్ని మళ్లీ తలుచుకో. అప్పుడు దాని బరువు తెలుస్తుంది.

మన ఊరికీ ఇలాంటి అనుభవం ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఇక్కడ మిలిటరీ గవర్నర్‌గా 1949 చివరి దాకా పాలించాడు. మనం ఓటేసి ప్రభుత్వాన్ని ఎన్నుకున్నది 1952లో. రజాకార్ల పీడ విరగడైందని ఊపిరి పీల్చుకున్న ఊళ్లున్నాయి. ఆ రోజుల్లో జరిగిన హత్యల గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకి రాలేదు. ఒకే సైన్యం, ఒకే వారం. పాతబస్తీలో ఒక జ్ఞాపకం, నల్లగొండ పల్లెలో ఇంకో జ్ఞాపకం. బోస్నియాని హైదరాబాద్‌తో పోల్చమని చెప్పడం లేదు, అది రెండు చోట్లకీ అన్యాయం. ఈ కథలు విన్న చెవులతో ఆ కథలు విను, అంతే.

యుగోస్లావియా యుద్ధ నేరాలని విచారించిన హేగ్ కోర్టు రికార్డు మాత్రం తప్పకుండా చదువు. 2002లో సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ మీద ఆష్‌డౌన్ సాక్ష్యం చెప్పాడు, మిలోషెవిచ్ స్వయంగా ఆయన్ని క్రాస్ ఎగ్జామిన్ చేశాడు. నువ్వు వార్తల్లో వచ్చిన ముక్క తీసుకున్నావు. పూర్తి రికార్డులో ఇద్దరి గొంతులూ వినిపిస్తాయి.

నీ రాతప్రతి 2006లో ఆయన సరాయెవో వదిలి వెళ్లడంతో ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత అఫ్గానిస్తాన్‌కి ఐక్యరాజ్యసమితి ప్రతినిధిగా ఆయన్ని పంపాలని పెద్ద దేశాలు అనుకున్నాయి. అక్కడి అధ్యక్షుడు కర్జాయ్ ఒప్పుకోలేదు. ఆష్‌డౌన్ తప్పుకున్నాడు. ఈ మనిషి మాకు వద్దు అని చెప్పే అవకాశం బోస్నియా జనానికి లేదు, కాబూల్‌కి ఉంది. ఈ అధ్యాయం నువ్వు రాయనే లేదు. మిగతా దిద్దుబాట్లన్నీ పక్కన పెట్టి ముందు అది రాసి పంపు. అది చూశాక 2004 అధ్యాయం మళ్లీ మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ