త్రీ నాట్ త్రీకి కొత్త రూపం ఇస్తున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీకాంత్‌కి మావయ్య ఆశీస్సులు.

నువ్వు బాగుచేస్తున్న పాత రైఫిల్ ఫోటోలు చూశాను. వెనక కర్ర అమరే ఇనుప సాకెట్ మీద ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) ముద్ర కనబడగానే ప్రాణం లేచొచ్చింది. ఇషాపూర్ లీ ఎన్‌ఫీల్డ్! మన పోలీసుల భుజాన చూస్తూ పెరిగిన త్రీ నాట్ త్రీయే ఇది. బెంగాల్లో తయారై టెక్సాస్‌లో నీ చేతికొచ్చింది. బ్యారెల్ కింద ఉండే ముందు కర్రను ఎవరో ఎప్పుడో సగానికి కోసేసి వేట తుపాకీగా మార్చేశారు కాబట్టి నీకు నచ్చినట్టు చేసుకో, తప్పు లేదు. అదే కోత పడకుండా, నంబర్లన్నీ కలిసున్నది అయితే ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

ఇక పాలిష్ ఒక్కటే మిగిలిందన్నావు. ఆ డబ్బా మూత తీసేముందు తుపాకీని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకెళ్లు. తూటాని లోపలికి తోసి వెనక నుంచి మూసే బోల్ట్ మీది నంబరు, బాడీ మీది నంబరు ఒకటి కావని నువ్వే రాశావు. అంటే ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూడాలి. త్రీ నాట్ త్రీ తూటాకి అడుగున అంచు ఉంటుంది కదా, బోల్ట్ మూసినప్పుడు దాని ముందు ఆ అంచుకి మిగిలే చోటే హెడ్‌స్పేస్. దాన్ని గేజ్ అనే కొలత ముక్కతో చూస్తారు. 0.064 అంగుళాల గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 0.074 మీద మూసుకోకూడదు. చోటు ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి తొడుగు వెనక్కి సాగి, తెగిపోతుంది. వేడి గ్యాసు నీ మొహం వైపే వస్తుంది. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది. గేజ్ పరీక్ష అయ్యేదాకా ఒక్క తూటా కూడా కాల్చకు.

బట్, అంటే భుజానికి ఆనే వెనక కర్ర, విప్పేటప్పుడు జాగ్రత్త. వెనక ప్లేటులోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పేయాలని చెయ్యి లాగుతుంది. బట్‌ని బిగించి ఉంచే ఆ లోపలి పొడవాటి మర కొస నలుచదరంగా ఉండి, ముందు కర్ర వెనకభాగంలో ఉన్న చిన్న రేకులో ఇరుక్కుని ఉంటుంది. ముందు కర్ర ఊడదీయకుండా తిప్పావా, కర్ర నిలువునా చీలుతుంది. ఎప్పుడూ ముందు కర్రే మొదట రావాలి, చివర్లో బిగించాలి. దానికి అడ్డంగా ఉన్న స్క్రూ అందంగా లేదని తీసి పూడ్చకు. కర్ర చీలకుండా ఇషాపూర్ వాళ్లు పెట్టిందే అది.

ఆ ముందు కర్ర వెనక అంచులు బాడీకి రెండు పక్కలా గట్టిగా ఆనాలి. కాల్చినప్పుడు దెబ్బ పడేది అక్కడే. సందు ఉంటే గన్‌స్మిత్ చేత ఎపాక్సీతో సరిచేయించు. అసలు తుపాకీలో బ్యారెల్ కొసను స్ప్రింగు పైకి తోస్తూ ఉండేది. కర్ర కోసేశాక అది లేదు కాబట్టి, బ్యారెల్ ఎక్కడ ఆనాలో అతనితోనే తేల్చుకో. గురి నిలకడ దాని మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు కర్ర సంగతి. సొట్టల్ని శాండ్ పేపర్‌తో అరగదీయకు. తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె ఆనించు, ఆవిరికి నారలు ఉబ్బి పైకి లేస్తాయి. ముక్క ఎగిరిపోయిన గాటు మాత్రం అలా లేవదు, దాన్ని ఉండనీ. ఇనుము తగిలే అంచుల దగ్గర అసలే రుద్దకు. అక్కడ కర్ర ఒక వెంట్రుక ఎత్తుగా ఉంటేనే నిండుగా కనిపిస్తుంది. తర్వాత తడి చేసి ఆరనిస్తే పీచు లేస్తుంది, దాన్ని మెత్తటి కాగితంతో తీసెయ్. ఆపైన లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె. వేలికి ఒకటి రెండు చుక్కలు చాలు, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్ది, మిగిలింది తుడిచెయ్. పూర్తిగా ఆరాకే మరో పూత. ఎక్కువ పోస్తే ఎన్నాళ్లకీ జిగురు వదలదు. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకు, వాటంతటవే వేడెక్కి మండుతాయి. బయట పరిచి ఆరబెట్టు.

ఇనుముకి నీలం రంగు వేస్తానన్నావు. సీసాలో దొరికే కోల్డ్ బ్లూ చిన్న గీతలకే సరి, చేతుల రాపిడికి పోతుంది. ఇనుముకి పలచగా తుప్పు పట్టించి దాన్నే నల్లటి నీలం పూతగా మార్చే రస్ట్ బ్లూయింగ్ నెమ్మదిగా సాగుతుంది, ఖర్చైనా అదే చేయించు. పాలిష్ చేసేవాడికి మాత్రం ముందే చెప్పు, ముద్రలు అరిగిపోకూడదని. బ్యారెల్ కురచ చేయాలనే ఆలోచన ఉంటే 16 అంగుళాల లోపుకి దిగకు, అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

గేజ్ రిపోర్టు రాగానే ఫోన్ చెయ్. తొలిసారి కాల్చేటప్పుడు సైన్యం దగ్గర మిగిలిపోయి అమ్మకానికి వచ్చిన పాత సర్‌ప్లస్ తూటాలు వద్దు, కొత్త ఫ్యాక్టరీవే తీసుకో. కళ్లద్దాలు పెట్టుకో, కాల్చిన ప్రతి తొడుగునీ వెలుతురులో తిప్పి చూడు. అడుగు దగ్గర మెరుస్తున్న గీత చుట్టూ కనిపిస్తే అక్కడితో ఆపి మళ్లీ గన్‌స్మిత్‌కి చూపించు.

మీ మావయ్య